మిక్చర్‌తో గ్రీన్ టీ

అమెరికాలోని బాతెల్ అనే ఊళ్లో ఉండే ప్రభుదాసుకు రక్తపోటు పెరిగింది. నెలలో తగ్గకపోతే మాత్ర తప్పదని డాక్టరు చెప్పగానే, ఆయన కాఫీ మాని గ్రీన్ టీ మొదలుపెట్టాడు. ఉదయం ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు, నడుమ ఆఫీసులో మరో రెండు. ఆ చేదు మింగుడుపడక, ప్రతి కప్పుతోనూ గుప్పెడు మిక్చర్ నమిలాడు.

నెల తిరిగింది. రక్తపోటు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

“గ్రీన్ టీ వేస్ట్, లూసీ. నెట్‌లో రాసేవన్నీ అబద్ధాలే,” అన్నాడు క్లినిక్ నుంచి వస్తూ భార్యతో.

“టీని అంటారేంటండీ? అందులోకి డబ్బాడు ఉప్పు మిక్చర్ నంజుకున్నది మీరు కాదూ?” అంది లూసీ, డ్రైవ్ చేస్తూనే.

ఆ సాయంత్రం ప్రభుదాసు మాత్ర వేసుకుని, ఉత్త టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చేదుగానే ఉంది. అయినా కప్పు ఖాళీ చేశాడు.