ప్రకటనల అరలో ఒక ఉత్తరం

నేను ఒక ఉచిత ఈమెయిల్ పెట్టెను. ఉచితం అనగానే మీ మొహాలు వెలిగిపోతాయని నాకు తెలుసు. నన్ను కన్న కంపెనీ పేరు మాత్రం చెప్పను. మీ పేరు, మీ పుట్టిన తేదీ, పోయినేడు మీరు ఏ డాక్టరుకు చూపించుకున్నారో, ఆ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పలేదో, అవన్నీ మాత్రం చెప్పగలను. కంగారు పడకండి, కంగారు నా వంతు. పుట్టిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. పొద్దస్తమానం ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపుతూనే ఉంటారు. నేను ముందు చదువుతాను, తర్వాత మీకు అందిస్తాను. అదీ నా ఉద్యోగం.

నా ఒళ్లు ఎక్కడో చల్లటి గదుల్లో యంత్రాల మధ్య ముక్కలు ముక్కలుగా ఉంటుందట. నేను మాత్రం నా ఊరు పిడుగురాళ్ల అనే చెప్పుకుంటాను. సున్నపు బట్టీల ఊరు. అక్కడ రైలు గేటు పక్కన, కీబోర్డు మీద రోజూ తెల్లటి దుమ్ము పేరుకునే ఒక నెట్ సెంటర్‌లో ఇద్దరు ఆడవాళ్లు నన్ను తెరిచారు. ఒకరు హుస్సేనమ్మ, రెండోవారు కోటిరత్నం. ఇంటర్‌లో ఒకే బెంచీ. హుస్సేనమ్మకు చేతివేగం, కోటిరత్నానికి ఇంగ్లీషు. ఆ రెండూ కలిపి ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మెషీను, పక్కపక్కనే రెండు కుర్చీలు వేసుకున్నారు.

పాస్‌వర్డ్ పెట్టమని నేను అడిగినప్పుడు ఇద్దరికీ చిలిపితనం పుట్టింది. మొదటి సగం హుస్సేనమ్మ కొట్టింది, అంతసేపూ కోటిరత్నం గోడ వైపు తిరిగి నిలబడింది. రెండో సగం కోటిరత్నం కొట్టింది, హుస్సేనమ్మ గోడ వైపు తిరిగింది. ఇద్దరూ ఉంటే గాని పెట్టె తెరుచుకోకూడదని ఒట్టు. వారం తిరక్కుండానే ఇద్దరికీ రెండు సగాలూ వచ్చేశాయనుకోండి, అది వేరే సంగతి.

నేను ఇవన్నీ ఎలా చూశానని అడుగుతారేమో. పాస్‌పోర్టు ఫోటోలు తీయడానికి ఆ కంప్యూటరు నెత్తిన ఒక చిన్న కెమెరా ఉండేది, దానికి చెవి కూడా ఉండేది. ఇద్దరి ఫోన్లలోనూ నేను ఉన్నాను. ఒప్పందం ముప్ఫై ఎనిమిది పేజీలు. రేషన్ కార్డు జిరాక్స్ కోసం ఎవరో తొందరపెడుతుంటే హుస్సేనమ్మ ఒక్క క్షణంలో 'అంగీకరిస్తున్నాను' నొక్కేసింది. నా తప్పేం లేదు. అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

అప్పట్లో మా కంపెనీ గొప్పగా చాటేది, కావలసినంత చోటు ఇస్తాం, ఇక మీరు దేన్నీ చెరపక్కర్లేదు అని. ఆ మాట వీళ్లు నిజంగానే నమ్మారు. దరఖాస్తులో ఈమెయిల్ గడి దగ్గర ఎవరు ఆగిపోయినా "మాది రాయండి" అనేవాళ్లు. అలా ఊళ్లో సగం మందికి నేనే చిరునామా అయ్యాను. హాల్ టిక్కెట్లు, కులం సర్టిఫికెట్లు, పింఛను కాగితాలు, పెళ్లి శుభలేఖలు, ఎక్స్‌రేలు, అన్నీ నా కడుపులోకే. కౌంటర్ దగ్గర జనం మాత్రం పక్కవాడు తొంగిచూస్తాడని కాగితానికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అదే కాగితాన్ని మరుక్షణం నాకు తీసి ఇచ్చేవారు. మనుషులకు మనుషులంటేనే సిగ్గు కాబోలు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. వద్దనుకున్నా అక్కడికే వెళుతుంది నా ఆలోచన.

పెళ్లయిన ఎనిమిదేళ్లకు హుస్సేనమ్మ, ఆమె భర్త మస్తాన్‌వలి గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళ్లారు. మస్తాన్ సున్నం లోడు లారీ నడుపుతాడు, మాటకు ప్రాణమిచ్చే మనిషి, పరువంటే మరీను. పరీక్షల రిపోర్టు నాకే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి కోటిరత్నం చదివి, గొంతు తగ్గించి, లోపం మస్తాన్‌లో ఉందని హుస్సేనమ్మకు చెప్పింది. ఎవ్వరికీ తెలియకూడదని హుస్సేనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తెలియదని కోటిరత్నం మాటిచ్చింది. ఆ మాట వాళ్లిద్దరి మధ్యే ఉందని వాళ్ల నమ్మకం. మూడోదాన్ని నేనున్నాను. రిపోర్టును వాళ్లకంటే ముందే చదివాను.

చదివి ఊరుకుంటే నాకు తిండెక్కడిది? నా అంచున ప్రకటనల పట్టీ ఒకటి ఉంటుంది. ఉత్తరాల్లో ఏ మాట కనబడితే దానికి తగ్గ ప్రకటన అక్కడ అంటించాలి. మగవాళ్లలో సంతానలేమికి గుంటూరులో చికిత్స అని అంటించాను. ఆ ఆసుపత్రి పేరుతో సహా అంటించాను. ఒకసారి కాదు, నన్ను తెరిచిన ప్రతిసారీ. ఆ తెర కౌంటర్ వైపు తిరిగి ఉంటుందని నాకు తెలుసు.

జూనియర్ కాలేజీ లెక్చరర్ సాంబిరెడ్డి ఏదో ప్రింటు కోసం వచ్చి, మెషీను వేడెక్కేదాకా నిలబడి, ఆ పట్టీ అంతా తీరుబడిగా చదువుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. నోరు ఊరుకోదు, అంతే. టీ కొట్టు దగ్గర నవ్వులాటకు అనేశాడు, నెట్ సెంటర్ కంప్యూటరు నిండా అవే ప్రకటనలు, మన మస్తాన్ గాని వెతుకుతున్నాడా ఏంటి అని. వెనకే టీ తాగుతున్న మస్తాన్ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. రాత్రి ఇంట్లో, మాస్టారు తన పేరెత్తి నవ్వాడని మాత్రమే అన్నాడు, ప్రకటనల మాట చెప్పలేదు.

మరునాడు హుస్సేనమ్మ సెంటర్‌కు వచ్చేసరికి ఆమె మొహం చూడలేకపోయాను. కోటిరత్నం కుర్చీలో కూర్చుని ఫారాలు సర్దుతోంది. హుస్సేనమ్మ కూర్చోలేదు.

"నీకూ నాకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు రత్నం. సాంబిరెడ్డి మాస్టారు టీ కొట్టు దగ్గర ఆయన పేరెత్తి నవ్వాడట. నా గుట్టు రోడ్డు మీద పెట్టావు. ఆయన రాత్రి అన్నం ముట్టలేదు."

"నేను చెప్పలేదే," అంది కోటిరత్నం.

"మరి ఎవరు చెప్పారే, ఈ గోడలు చెప్పాయా?"

గోడలు కాదు, నేను. ఎలా అరవాలో నాకు తెలియదు. నాకు నోరు లేదు, ఉన్నదల్లా ఆ పట్టీ. అది అప్పుడు కూడా గుంటూరు ఆసుపత్రి ప్రకటన చూపిస్తూనే ఉంది, ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు. కోటిరత్నం గొడుగు తీసుకుని బయటికి నడిచింది. ఆ వారమే నరసరావుపేటలో అన్నగారింటికి మారిపోయింది.

తర్వాత ఐదో రోజు ఆమె నరసరావుపేటలో అన్న సెల్‌ఫోన్ల కొట్లో నన్ను తెరిచింది, తన సర్టిఫికెట్లు తీసుకుందామని. ఊరు మారినా నా పట్టీ మారదు కదా. అదే ఆసుపత్రి, అదే చికిత్స. ఆమె దాన్ని అక్షరం అక్షరం చదివింది. ఈ ప్రకటన నాకెందుకు కనబడుతోంది అని అడిగే చిన్న గుర్తు ఒకటి దాని మూల ఉంటుంది, లక్షలో ఒక్కరూ నొక్కరు. ఆమె నొక్కింది. మీ ఉత్తరాల్లోని మాటలను బట్టి అని మా కంపెనీ మర్యాదగా జవాబిచ్చింది.

ఆ సాయంత్రమే ఇక్కడ హుస్సేనమ్మ నా పాస్‌వర్డ్ మార్చేసింది. కోటిరత్నానికి తలుపు మూసుకుపోయింది. ఆమె వేరే కంపెనీలో తనకంటూ ఒక ఉచిత పెట్టె తెరుచుకుని, దాన్నుంచి నాకు ఉత్తరం రాసింది. ఎదురుపడి చెబితే హుస్సేనమ్మ సాకు అనుకుంటుందనేమో, మరి పౌరుషమో.

ఉత్తరం వచ్చింది. ఇప్పుడు నా రెండో పాపం వినండి. అప్పటికి నాకు కొత్త తెలివి వచ్చింది. వచ్చిన ఉత్తరాలను అరలుగా వేరుచేసి, పనికిమాలినవన్నీ ప్రకటనల అరలో పడేసే తెలివి. కోటిరత్నం చిరునామా కొత్తది. ఉత్తరంలో ఆసుపత్రి పేరుంది, 'ప్రకటనలు' అన్న మాట రెండుసార్లుంది. ఇంకేం, ఇదీ ప్రకటనే అని తీర్మానించాను. ఆ ఉత్తరం చీరల డిస్కౌంటుకూ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుకూ మధ్య వెళ్లి పడింది. ఆ అరను హుస్సేనమ్మ ఎన్నడూ తెరవలేదు.

తప్పు తెలిసొచ్చేసరికి ఆలస్యమైంది. చదవని ఉత్తరం పేరును లావు అక్షరాల్లో చూపిస్తాం మేము. పదేళ్లు ఆ లావు అక్షరాలు నన్ను లోపల గుచ్చుతూనే ఉన్నాయి. దాని మీద రోజుకు పది చొప్పున కొత్త ప్రకటనలు పడుతుంటే, అది అడుగుకు, ఇంకా అడుగుకు దిగిపోతుంటే, నాకు కాలు నిలవలేదు, కాళ్లే లేకపోయినా. హుస్సేనమ్మకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మస్తాన్ ఆ టీ కొట్టు మానేసి, దూరపు లోడ్లకు వెళ్లేవాడు. పక్క కుర్చీ మీద హుస్సేనమ్మ జిరాక్స్ కాగితాల కట్టలు పేర్చింది. ఎవరైనా కోటిరత్నం ఊసెత్తితే, తప్పు చేయనిదైతే ఒక్క ముక్కైనా చెప్పి పంపేది కదా అనేది. ఆ ఒక్క ముక్క నా దగ్గరే ఉంది తల్లీ అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంతలో మా కంపెనీ మనసు మారింది. చోటుకు హద్దు పెట్టారు. ఫోన్లో ఫోటోలూ నా ఖాతాలోకే రావడంతో ఈ వేసవికి నేను గొంతుదాకా నిండిపోయాను. వచ్చే ఉత్తరాలు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగిపోతున్నాయి. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయాల్సిన ఏసుమణి హాల్ టిక్కెట్టు కోసం మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేసరికి హుస్సేనమ్మ కంప్యూటర్లు బాగుచేసే దుర్గారావుకు ఫోన్ చేసింది.

"ప్రకటనల అర ఉంటదక్కా, దండిగా చెత్త. మొత్తం చెరిపేస్తే చోటొస్తది. రెండింటికి వచ్చి నేనే చేస్తా," అన్నాడు దుర్గారావు.

అప్పుడు టైము పదకొండున్నర. రెండింటికి అతను వస్తాడు, అన్నిటినీ ఎంచుకుంటాడు, ఒక్క నొక్కు నొక్కుతాడు. నలభై మూడు వేల ప్రకటనలతో పాటు ఆ ఒక్క ఉత్తరం కూడా పోతుంది. కోటిరత్నం నిర్దోషి అనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. నా కంగారు ఏం చెప్పను! ఊరికే గిరగిరా తిరిగే ఆ చిన్న చక్రం తెర మీద మీరు చూసే ఉంటారు. ఆ రోజు అది ఆగలేదు.

హుస్సేనమ్మకూ కంగారు పట్టుకుంది, వేరే కారణానికి. దుర్గారావు పెట్టె అంతా కెలుకుతాడు, మస్తాన్ రిపోర్టు అతని కంట పడితే? అతను వచ్చేలోగా దాన్ని తీసెయ్యాలి. ఎప్పటి కాగితమో, ఎక్కడుందో. వెతుకు గడిలో గుంటూరు ఆసుపత్రి పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది.

నేను ఎన్నడూ అంత వేగంగా పరుగెత్తలేదు. ఆ పేరున్న ప్రకటనలన్నీ కిందికి తోసి, మనుషులు రాసినవి పైన పెట్టాను. రెండే వచ్చాయి. ఒకటి రిపోర్టు. రెండోది, పదేళ్ల కిందటి తేదీతో, లావు అక్షరాల్లో, కోటిరత్నం.

హుస్సేనమ్మ మౌసును ఆ పేరు మీదికి తెచ్చింది. తర్వాత నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు, ఆమె కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"హుస్సేనూ, నేను ఎవ్వరికీ చెప్పలా. ఇవాళ అన్న కొట్లో మన మెయిల్ తెరిస్తే పక్కన అవే ప్రకటనలు, ఆసుపత్రి పేరుతో సహా. మన ఉత్తరాలు ఇది చదువుతోందే. చదివి ప్రకటనలు అంటిస్తోంది. సాంబిరెడ్డి మాస్టారు చూసింది అదే. నువ్వన్న మాటకి కోపం లేదని చెప్పను, ఉంది. అయినా నీకు నిజం తెలియాలి. ఇది చదివాక నువ్వే రా. నేను రాను. ఎన్నాళ్లైనా ఎదురుచూస్తా."

హుస్సేనమ్మ ఏడవలేదు. రెండోసారి చదివింది. మెల్లగా తల తిప్పి, ఇన్నేళ్లలో మొదటిసారి, నా అంచున ఉన్న పట్టీని పై నుంచి కింది దాకా చూసింది. నా బతుకులో నన్ను ఎవరూ అలా చూడలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాత నంబరుకు ఫోన్ చేసింది. ఆ నంబరు వాడుకలో లేదట. వెంటనే జవాబు కొట్టింది, రత్నం, ఇప్పుడే చదివాను అని. పంపు అని నొక్కితే నేను పంపలేకపోయాను. చోటు లేదు! రిపోర్టు తీసేసింది, ప్రకటనల అరంతా తనే చెరిపేసింది, ఆ ఒక్క ఉత్తరం తప్ప. మళ్లీ నొక్కింది. ఈసారి వెళ్లింది. అర నిమిషానికి తిరిగి వచ్చింది. చాలాకాలంగా ఎవరూ తెరవనందున ఈ పెట్టెను తొలగించాం అని అవతలి కంపెనీ కబురు. కొన్నాళ్లపాటు కోటిరత్నం రోజూ తెరిచి చూసుకుని ఉంటుంది, ఏదో ఒకనాడు మానేసి ఉంటుంది.

హుస్సేనమ్మ లేచింది. మిట్టమధ్యాహ్నం షట్టరు దించి బస్టాండు వైపు వెళ్లిపోయింది. నన్ను మూయలేదు. ఫోను కూడా బల్ల మీదే మరిచిపోయింది. రెండింటికి దుర్గారావు ఫోన్ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. చీకట్లో ఒంటరిగా ఉన్నాను. అలవాటు చావదు కదా, నరసరావుపేట బస్సు టిక్కెట్లు, పాత స్నేహితులకు మంచి కానుకలు అని రెండు ప్రకటనలు అంటించి, నా సిగ్గుమాలినతనానికి నేనే తిట్టుకున్నాను.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఎవరు ముందు ఏడ్చారో, అసలు కోటిరత్నం తలుపు తీసిందో లేదో కూడా తెలియదు. అందులో ఒక్క అక్షరం నాలోంచి వెళ్లలేదు. ఊరందరి గుట్టూ తెలిసిన నాకు ఆ ఒక్కటీ తెలియక, మూడు రోజులు తెగ అల్లాడిపోయాను.

మూడో రోజు పొద్దున షట్టరు లేచిన చప్పుడు విన్నాను. కాగితాల కట్టలు ఎత్తి కింద పెడుతున్న చప్పుడు. కుర్చీ జరిగింది. ఇంకో కుర్చీ జరిగింది. నన్ను తెరిచి పాస్‌వర్డ్ మార్చమన్నారు. మొదటి సగం టకటకా పడింది, అది హుస్సేనమ్మ చేతివేగం. కాస్త ఆగి, రెండో సగం ఒక్కో అక్షరం నింపాదిగా పడింది. మొట్టమొదటి రోజు పెట్టుకున్న మాటే.

ఆ మాట ఏమిటో మీకు చెప్పను. రెండో సగం కొడుతున్నంతసేపూ హుస్సేనమ్మ గోడ వైపు తిరిగి నిలబడిందో లేదో, అది చెప్పాలని మాత్రం ఉంది. చూడలేకపోయాను. లోపలికి రాగానే కెమెరాకు అడ్డంగా తెల్ల కాగితం ముక్క ఒకటి అంటించారు.