పరికరం చేరని అతుకు

గడప దాటిన మనిషి వెనక్కొచ్చి, గ్యాస్ కట్టేసిందో లేదో మరోసారి చూసుకుంటుంటే, "దీనికన్నీ అనుమానాలే" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. చేసేది అణు రియాక్టర్ల భద్రత చూసే ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో స్టవ్వంటే భయం అని అత్తగారు అందుకుంది. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. నవ్వేస్తే తొందరగా బయటపడొచ్చని పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది.

ఆఫీసులోనూ ఆమెకు అదే పేరు. రియాక్టరు ఇంధనాన్ని కడుపులో పెట్టుకున్న మందపాటి ఉక్కు పాత్రకు వెల్డింగు అతుకులుంటాయి. పదేళ్ళకోసారి శబ్ద తరంగాలు పంపి, వాటిలో పగుళ్ళేమైనా పుట్టాయేమో చూడాలని నియమం. ఆ గడువును ఇరవై ఏళ్ళకు పెంచుదామా అన్నది ఆనాటి కమిటీ మీటింగు. ఆడమనిషి, పైగా అనుమానప్పక్షి, వద్దంటుందని అందరూ సమాధానాలు కట్టుకొచ్చారు. ఆమె తేలిగ్గా ఒప్పుకుంది. తనిఖీ చేసే ప్రతిసారీ ఆ పని మీద వెళ్ళిన మనుషుల ఒంట్లోకి కాస్త రేడియేషన్ చేరుతుంది, ఆ ముప్పునూ తూకంలో వేయాలి. లెక్క కట్టింది ఆమే. చూసిన ప్రతిసారీ మచ్చలేకుండా ఉన్న అతుకుల్ని ఇరవై ఏళ్ళు నమ్మవచ్చు. భయానికీ లెక్కకీ తేడా ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒక్క అతుకు దగ్గర మాత్రం ఆగింది. పైపు మలుపు వెనక ఉన్నదది. దానికీ 'లోపాలు లేవు' అనే రాసి ఉంది. అక్కడికి పరికరం ఎలా చేరిందని ప్లాంటు ఇంజనీరును అడిగింది.

"చేరదు మేడమ్. దానికి ప్రతిసారీ మినహాయింపే" అన్నాడతను, దాచేదేముందన్నట్టు. "ఇన్నేళ్ళలో ఏమీ కాలేదు కదా. మీరు మరీ బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతున్నారు."

"ఏరిన బియ్యం మళ్ళీ ఏరక్కర్లేదని నేనే అన్నాను. ఏరని చేట చూపించి రాళ్ళు లేవంటే సంతకం పెట్టను."

ఎవరో నవ్వబోయి ఆగారు. చివరికి అధ్యక్షుడు దిగొచ్చాడు. పొడుగు చేతి పరికరం తెప్పించి, వచ్చే షట్‌డౌన్‌లో ఆ అతుకు చూశాకే నియమం మారుద్దామన్నాడు. కమిటీ నుంచి ఒకరు నెల రోజులు ప్లాంటులో ఉండాలి. ఇల్లూ అత్తగారూ ఉన్నారు కాబట్టి ఆమెకు కుదరదని జవాబు కూడా ఆయనే చెప్పేశాడు. కుదురుతుందని ఆమె చెప్పింది.

ఇంటికొచ్చే బస్సులో ఆ అతుకే కళ్ళ ముందు ఆడింది. పక్కవాటితో సమానంగా అదీ ఒత్తిడిని మోస్తూ వచ్చింది. మోస్తోంది కాబట్టి బాగానే ఉందనుకున్నారు. ఇంట్లో అందరికంటే ముందు లేవడం, అందరూ తిన్నాక తినడం, అత్తగారి మాత్రలు, భర్త చొక్కాలు, ఆయన బదిలీ కోసం మధ్యలో వదిలేసిన తన పీహెచ్‌డీ, తను అరగంట ఆలస్యమైతే ముడుచుకునే మూతులు. మా ఇంట్లో ఏ గొడవా లేదని ఆయన నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు. అది అబద్ధమేం కాదు. ఆయనకు నిజంగానే ఏమీ కనబడలేదు.

భోజనాల దగ్గర, వెళ్తున్నానని చెప్పింది. వెళ్ళనా అని అడగలేదు. భర్త నోటి దాకా వెళ్ళిన ముద్ద ఆగింది. వంట, మందులు, పనిమనిషి సెలవులు అన్నీ ఏకరువు పెట్టి, "ఇన్నేళ్ళలో ఇబ్బందని ఒక్కమాట అనలేదు, ఇప్పుడేమొచ్చింది?" అన్నాడు.

"ఎప్పుడైనా అడిగారా?"

"సరే, ఇప్పుడడుగుతున్నా, చెప్పు" అన్నాడు నవ్వుతూ, ఒక్క ముక్కలో తేలిపోతుందనుకుని.

ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చెయ్యి కడుక్కుని రండి. చాలా ఉంది."

టీవీ గొంతు తగ్గించి అంతా వింటున్న అత్తగారు మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా లేచింది.

"నాకూ అక్కడో కుర్చీ వెయ్యమ్మా" అంది. "ముందు నన్ను చెప్పనీ. వీడు నిన్ను అడగని ఏళ్ళకంటే నన్ను అడగని ఏళ్ళే ఎక్కువ."