గవరమ్మ సాక్ష్యం

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లోని తన ఆఫీసుకి లాయర్ కళ్యాణి వచ్చేసరికే గవరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. అది చేపల మార్కెట్‌లో ఆమె బేరాలు జోరుగా సాగే వేళ. చేతిలో గంప లేదు. జుట్టు ముడి కూడా సరిగా వేసుకోలేదు.

"కల్యాణమ్మా, మా గుంటని పోలీసులు అట్టుకుపోనారు," అంది లేస్తూనే.

"నీకు ఆడపిల్లలెక్కడున్నారు పిన్నీ? ఇద్దరూ కొడుకులేగా!"

"థిరి. మా ఎనక గదిలో అద్దెకుంటాది సూడు, బర్మా పిల్ల."

కళ్యాణి ఆ అమ్మాయిని ఒకటి రెండుసార్లు చూసింది. సముద్రజీవుల గురించి చదువుకోవడానికి అన్ని అనుమతులతో పోర్ట్ బ్లెయిర్ వచ్చిన పిల్ల. జంగ్లీఘాట్‌లో గవరమ్మ మొగుడు నూకయ్య పడవ ఒడ్డుకి రాగానే పరిగెత్తుకుంటూ వెళ్ళి, వలల్లో చిక్కుకున్న పనికిరాని పీతల్నీ గుల్లల్నీ ఏరుకుంటూ ఉండేది. పడవవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి అడిగితే సంగతి బయటికొచ్చింది. థిరి పాస్‌పోర్టు గడువు ముగిసింది. దాన్ని పొడిగించమంటే, ముందు తిరిగి రమ్మంది వాళ్ళ దేశం. పాస్‌పోర్టు లేకపోతే ఇక్కడ వీసా పొడిగించరు. దేశం విడిచి వెళ్ళమని నోటీసు వచ్చింది. ఆమె వెళ్ళలేదు. ఉదయం ఇద్దరు మహిళా పోలీసులు వచ్చి మహిళా సదనానికి తీసుకెళ్ళారు. ఎల్లుండి గురువారం విమానంలో కలకత్తా, అక్కడి నుంచి వాళ్ళ దేశం.

"కాలేజీలో ఉన్నప్పుడు ఆళ్ళ సైన్యం మీద ఊరేగింపులు సేసిందంట. అన్నా సెల్లీ కలిసే. అన్నని మొన్న అట్టుకున్నారు. ఇదెల్తే దీన్నీ ఒదల్రు," అంది గవరమ్మ.

కళ్యాణి చేసేవన్నీ ఇళ్ళ స్థలాల తగాదాలు, పడవ లైసెన్సుల కేసులు. ఇలాంటిది ఎప్పుడూ చేపట్టలేదు. కలకత్తాలో పెద్ద లాయరెవరికైనా ఫోన్ చేద్దామా అనుకుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. పెద్ద లాయర్ విమానం ఎక్కేలోపు ఈ పిల్ల విమానం ఎక్కేస్తుంది.

"నడు పిన్నీ, ముందు ఆ అమ్మాయితో మాట్లాడాలి."

మహిళా సదనంలో థిరి కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. ఏడ్చినట్టు లేదు. గవరమ్మని చూడగానే లేచి వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

కళ్యాణి హిందీలో అడిగింది. "అక్కడికి వెళ్తే నీకు ప్రమాదమని కోర్టుకి చూపించాలి. మీ అన్నయ్యకి ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు, దీదీ."

"థిరీ, నువ్వు చెప్పకపోతే నేనేం చేయలేను."

"నా కేసు వద్దు. అమ్మకి మాట ఇచ్చాను. నేను ఇక్కడ నోరు తెరిస్తే అక్కడ అమ్మని తీసుకుపోతారు." ఎప్పుడో నిర్ణయించుకున్న మాటలా ఉంది.

గవరమ్మకి హిందీ బాగానే వచ్చు. ఇంక ఊరుకోలేకపోయింది.

"ఏటీ జరగనేదా? నా కళ్ళెదురుగా జరిగిందాన్ని జరగనేదంటావేటే?" అని కళ్యాణి వైపు తిరిగింది. "వంటింట్లో నా పక్కన కూకుని ఉల్లిపాయలు కోత్తంది. అన్న కాడినుంచి ఫోను. బొమ్మ కనపడే ఫోను. ముందు బయపడ్డాది, తరవాత ఎత్తింది. ఆడు తెల్ల సొక్కా ఏసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఏదో సదివినట్టు సెప్తన్నాడు. ఇంటికొచ్చీయ్, నిన్నేటీ అనరు అంట. ఇది తరవాత నాకు సెప్పింది. సేతులు బల్ల కిందే ఎట్టుకున్నాడు. ఆకర్న మొకం తుడుసుకోడానికి సెయ్యెత్తాడమ్మా..."

గవరమ్మ ఆగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గోళ్ళు నేవు. ఒక్క ఏలికీ నేవు."

గవరమ్మ ఇంట్లో ఉండి ఉండి తెలుగు అర్థమవుతున్న థిరి, నేల చూపులు చూస్తూ హిందీలో నెమ్మదిగా అంది. "అన్నయ్యకి చెమట పట్టలేదు దీదీ. ముఖం తుడుచుకోవలసిన అవసరమే లేదు. నాకు చూపించడానికే ఎత్తాడు. రావద్దని."

"మరి ఇది కోర్టులో చెప్పు."

"చెప్పను."

కళ్యాణి ఇంకో మాట అనబోతుంటే గవరమ్మ అడ్డుకుంది. "దాన్నొదిలీయ్. అది మాటిచ్చింది, ఉంచుకోనీ. నాను ఎవలికీ మాటివ్వనేదు. నాను సూసినాను, నాను సెప్తాను."

ఆ మాటతో కళ్యాణి ఆలోచన కొత్త దారిలో పడింది. పిటిషన్‌లో పేరు బదులు ఒక్క అక్షరం పెట్టవచ్చు. సాక్ష్యాన్ని సీలు వేసిన కవర్లో జడ్జికే ఇవ్వవచ్చు. విచారణ జనం మధ్య కాకుండా జడ్జి గదిలోనే జరపమని అడగవచ్చు. ఇదంతా థిరికి విడమరిచి చెప్పింది. థిరి చాలా సేపు ఆలోచించింది.

"పేరు బయటికి రాదా?"

"రాకుండా ఉండడానికి నా చేతనైనంతా చేస్తాను. పూర్తిగా హామీ ఇవ్వలేను. ఇచ్చానంటే అబద్ధం చెప్పినట్టే."

ఆ జవాబే థిరికి నమ్మకం కలిగించింది కాబోలు, వకాలత్ కాగితం అందుకుని సంతకం చేసింది.

సాయంత్రం జంగ్లీఘాట్‌లో నూకయ్య ఈ సంగతి విని మండిపడ్డాడు. "నీకు మతిపోయిందేటే? సర్కారు మీద సాచ్చికం సెప్తావా? రేపు నా పడవ కాగితాలు రెన్యూ సెయ్యకపోతే తిండెలాగ? అయినా ఆ బర్మావోళ్ళు మన నీళ్ళల్లోకొచ్చి దొంగతనంగా ఏటలాడి పోతన్నారు. ఆళ్ళ గొడవ మనకేల?"

"దొంగేటకొచ్చినోడు ఈ గుంటేనా?" అంది గవరమ్మ. "మీ అమ్మ రంగం నుంచి, అదే ఆ బర్మా నుంచి, కట్టుబట్టల్తో ఓడెక్కొచ్చింది. సంకలో నువ్వు. ఆయాల ఈ దీవుల్లో ఎవలో ఒకలు మా ఇంట్లో ఉండమన్నారు కాబట్టే నువ్వింతోడివయ్యావు. ఆళ్ళు నీ అయ్యెవలు, నీ కులమేటి అని అడిగినారేటి?"

నూకయ్య బయటికి వెళ్ళి వల ముందు కూర్చున్నాడు. మర్నాడు కోర్టుకి మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని భార్య వెంట వచ్చాడు.

కలకత్తా హైకోర్టు జడ్జిలు పోర్ట్ బ్లెయిర్ వచ్చి కూర్చునే సర్క్యూట్ బెంచి ముందు కళ్యాణి కేసు అత్యవసరమని విన్నవించింది. జడ్జి కాగితాలు చూసి, విచారణ తన గదిలోనే జరపడానికి ఒప్పుకున్నారు.

ప్రభుత్వ లాయర్ పెద్దమనిషి. కటువుగా మాట్లాడలేదు. "మన దేశంలో శరణార్థులకు ప్రత్యేక చట్టం లేదు. వీసా లేని విదేశీయుల్ని పంపే అధికారం ప్రభుత్వానికి ఉంది. పైగా ఈమె సొంత అన్నే ఇంటికి రమ్మని పిలుస్తున్నాడని వాళ్ళ దేశం తెలియజేసింది. ఇంక భయం దేనికి?" అన్నాడు.

కళ్యాణి లేచింది. "పంపే అధికారం లేదని నేననడం లేదు. చిత్రహింసల్లోకి పంపే అధికారం లేదంటున్నాను. ప్రాణానికి రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలో 'పౌరుడు' అన్న మాట లేదు, 'ఏ వ్యక్తీ' అని ఉంది. ఇక అన్న పిలుపు సంగతి. ఆ పిలుపుని కళ్ళారా చూసిన మనిషి ఇక్కడే ఉంది."

జడ్జి గవరమ్మని ముందుకి రమ్మన్నారు. ఆమె దీవుల హిందీలో, తొట్రుపడకుండా, వంటింట్లో చెప్పుకున్నట్టే అంతా చెప్పింది.

"అంత చిన్న ఫోన్లో గోళ్ళు లేవని ఎలా కనిపెట్టావమ్మా?" అని అడిగాడు ప్రభుత్వ లాయర్.

"గోళ్ళున్న సెయ్యి ఎలాగుంటాదో మీకు తెలీదా సాబ్? పుండ్లు ఆరనేదు. నాను మూడు పూట్లు ముద్ద ముట్టనేదు."

ఆయన కూర్చున్నాడు.

జడ్జి థిరి వైపు చూశారు. "నువ్వేమైనా చెప్పాలనుకుంటున్నావా? బలవంతం లేదు."

థిరి లేచి నిలబడింది. గవరమ్మ వైపు ఒకసారి చూసింది.

"ఆంటీ చెప్పింది నిజం. నాకు ఇంటికి వెళ్ళాలనే ఉంది సర్. రోజూ ఉంటుంది. కానీ వాళ్ళ చేతుల్లోకి కాదు. నన్ను రావద్దని చెప్పడానికి మా అన్నయ్య ఆ చెయ్యి ఎత్తాడు. నేను వెళ్తే ఆ మాట విననట్టే."

మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆమె దరఖాస్తు మీద నిర్ణయం తీసుకునేదాకా, ఈ కోర్టు మళ్ళీ వినేదాకా, ఆమెను దేశం దాటించకూడదు. చదువు కొనసాగించవచ్చు. పోర్ట్ బ్లెయిర్ దాటకూడదు, వారం వారం స్టేషన్లో కనిపించాలి, ఎవరైనా బాధ్యత తీసుకోవాలి.

"ఎవరు తీసుకుంటారు?" అని గుమస్తా అడిగితే, గవరమ్మ కంటే ముందు నూకయ్య కదిలాడు. "ఎక్కడ ఎయ్యాల సంతకం?" అన్నాడు చిరాగ్గా.

గెలుపు అని ఎవరూ అనలేదు. కళ్యాణి అసలు అనలేదు. ఉత్తర్వు ఎప్పుడైనా మారవచ్చని ఆమెకి తెలుసు. ఆ వారంలోనే థిరి దరఖాస్తుని ఢిల్లీలోని ఆ సంస్థకి పంపింది. తర్వాతి వాయిదాకి వాదన తయారు చేయడానికి పాత తీర్పులన్నీ తెప్పించుకుంది. థిరి అన్నయ్య గురించి ఏ కబురూ లేదు. అమ్మ దగ్గర్నుంచి మాత్రం ఒకసారి ఫోన్ వచ్చింది. ఇద్దరూ వాన గురించీ, ఇంట్లో పిల్లి గురించీ మాట్లాడుకున్నారు. అంతకుమించి ఏమీ అనుకోలేదు. థిరి పరీక్షలు రాసింది. నూకయ్య పడవ కాగితాలు ఎప్పటిలాగే వచ్చాయి, ఆలస్యంగా.

వానలు మొదలైన రోజుల్లో కళ్యాణికి చెన్నై నుంచి ఒక ఫోన్ వచ్చింది. భయం భయంగా, వచ్చీ రాని హిందీలో ఒక కుర్రాడు. తనూ విదేశీ విద్యార్థేనట. తనకీ నోటీసు వచ్చిందట. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక లాయర్ ఉన్నారని ఎవరో చెప్పారట.

"చెన్నైలో కూడా నాకు తెలిసినవాళ్ళున్నారు, మాట్లాడతాను," అంది కళ్యాణి, కొత్త కాగితం ముందుకి లాక్కుంటూ. "పేరు ఇప్పుడే చెప్పకు. ముందు ఏం జరిగిందో చెప్పు. నిదానంగా."