ఎక్కడి కాలు అక్కడే

తుడుపుకర్రను రెండు చేతులా మెలిపెట్టి, బకెట్లోకి ఆఖరి చుక్క దాకా పిండి, అతను మళ్ళీ కోర్టు గీత దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నపు వెలుగు ఎత్తు కిటికీల్లోంచి పడి చెక్కనేల ఆ కొస నుంచి ఈ కొస దాకా మెరుస్తోంది. అతను ఎప్పుడూ వెనక్కి అడుగులేస్తూ తుడుస్తాడు. అలా అయితే తన అడుగుల జాడ కూడా నేల మీద మిగలదు. గుండ్రటి భుజాలు, ముందుకు వాలిన మెడ. ఆ మెడ వెనక చర్మం ట్యూబులైట్ల కింద కమిలిందని జట్టు కుర్రాళ్ళు వేళాకోళం చేస్తారు.

కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి అతను తడి బాబాయ్. ఆట సాగినంతసేపూ బుట్ట కింద, గీత అవతల, చిన్న పీట మీద కూర్చుని నేలనే చూస్తాడు. చెమట రాలి ఎక్కడైనా మెరిసిందంటే "తడి!" అని కేక పెడతాడు. ఆట ఆగగానే పరిగెత్తి తుడిచి వస్తాడు. బంతితో అతనికి పనిలేదు.

ఈ సీజన్ మొదటి ఆటలో, సరిగ్గా అతనికి తుమ్ము వచ్చి కళ్ళు మూసుకున్న క్షణంలో, నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగు కుర్రాడు జారి చీలమండ బెణికించుకున్నాడు. కోచ్ ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు జట్టుని వరసలో నిలబెట్టి, "బాబాయ్ తడి అన్నాడా, ఎక్కడి కాలు అక్కడే! బంతి పోతే పోనీ, కాళ్ళు మిగుల్తాయి" అన్నాడు. రోజూ అదే అభ్యాసం. అది ఎంతగా ఒంటబట్టిందంటే, ఒకనాడు క్యాంటీన్‌లో ఎవరో నీళ్ళు ఒలకబోసి "అయ్యో, తడి" అంటే జట్టు జట్టంతా పళ్ళేలు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయింది.

ఈ సీజనంతా అతను ఆటగాళ్ళ బూట్లలోనే చూశాడు. వానల్లో వరసగా ఓడిపోయినప్పుడు అవి ఈడ్చుకుంటూ వచ్చేవి, ఒకదాన్నొకటి తొక్కుకునేవి. చలి ముదిరేసరికి కాస్త తేలికపడ్డాయి. ఈ మధ్య అయితే పది బూట్లూ ఒకేసారి మలుపు తిరుగుతున్నాయి. మొహాలు మాత్రం అతనికి అంతగా తెలియవు. ఒకసారి వీధిలో నిచ్చెన పలకరిస్తే ఎవరో అనుకుని తప్పుకుపోయాడు. తర్వాత తెలిసి, "చెప్పులేసుకొస్తే ఎట్లా గుర్తుపడతాన్రా నాయనా?" అన్నాడు.

నేల చూడటం అతనికి ఉద్యోగంతో వచ్చిన అలవాటు కాదు. చిన్నప్పుడు సందడిగా ఉన్న వీధుల్లో ముందు నడిచే తల్లి మడమలు చూస్తూ నడిచేవాడు. కళ్ళెత్తితే ఆ మడమలు జనంలో కలిసిపోతాయేమోనని భయం. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. భయం మాత్రం అతనితోపాటు పెరిగి పెద్దదై, వేషం మార్చుకుంది: తాను కళ్ళెత్తిన క్షణంలోనే ఎవరో ఒకరు పడిపోతారు.

పొద్దున భార్య టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ నవ్వింది.

"ఏవండీ, ఇన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. తీర్పు ఒక్కటీ వినలేదు కదా!"

"విన్నాగా. చప్పట్లు వినబడతాయి."

"వినబడ్డం కాదు. బంతి బుట్టలో పడితే ఎట్లా ఉంటుందో చెప్పండి చూద్దాం."

అతను వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇవాళ్టితో మీ ఉద్యోగం సరి. ఒక్కటంటే ఒక్కటి చూసి రండి. లేకపోతే ముసలితనమంతా నా కాళ్ళు చూస్తూ కూర్చుంటారు."

అతను పదవీ విరమణ సంగతి కోచ్‌కి, ఆఫీసుకి తప్ప ఎవరికీ చెప్పనివ్వలేదు. దండలూ ఉపన్యాసాలూ అంటే నలుగురి ముందు తలెత్తాలి.

ఆట మొదలైంది. ఇవాళ ఓడితే జట్టు వచ్చే ఏడాది కింది స్థాయి పోటీల్లోకి దిగిపోతుంది. రెండో సగంలో మనవాళ్ళ దాడి బాబాయ్ కూర్చున్న బుట్ట వైపే. అతను రెండుసార్లు తల ఎత్తబోయాడు. రెండుసార్లూ ఎవరి చెమటో రాలింది.

చివరి విరామంలో పరిగెత్తి బుట్ట కిందంతా తుడిచాడు. మోకాలి మీద వంగి అరచేత్తో రాసి చూశాడు. పొడిగా ఉంది. వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఒక్క పాయింటేరా వెనకున్నాం!" అని కోచ్ గొంతు చించుకుంటున్నాడు. "వెయ్యరా బుడంకాయా!"

బుడంకాయంటే జట్టులోకెల్లా పొట్టివాడు, పసుపు లేసులవాడు. ఆ లేసులు గిరుక్కున తిరిగి, బాబాయ్ ఎదురుగా నేలను తన్ని లేచాయి. బూట్లు అతని చూపులోంచి మాయమయ్యాయి. ఎప్పుడూ అయితే అవి దిగేదాకా నేల మీదే ఎదురు చూసేవాడు. ఇవాళ కళ్ళు వాటి వెంట వెళ్ళాయి. మోకాళ్ళు, చొక్కా, చాచిన వేళ్ళు, వేళ్ళ మీంచి బంతి.

బంతి ఇనపచక్రం అంచు మీద పడి, ఆలోచిస్తున్నట్టు చుట్టూ తిరిగింది. అతను పీట మీంచి లేచాడు. ఛాతీలో ఏదో పొంగి గొంతు దాకా వచ్చింది, అరవక తప్పదు. ఆ హాల్లో అరవడానికి అతనికి తెలిసిన మాట ఒక్కటే.

"తడీ!"

మనవాళ్ళు అయిదుగురూ ఎక్కడి కాలు అక్కడే ఆపి, తలలు వంచి నేలను వెతికారు. నిచ్చెన ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు. వాళ్ళ తలల మీంచి, తీరిగ్గా, వలను చిన్నగా ఎగరేసి బంతి దిగింది. ఆట ముగిసిన గంట మోగింది.

"ఎక్కడ బాబాయ్?" బుడంకాయ ఇంకా నేల మీదే చూస్తున్నాడు.

"అక్కడ! పైన!"

"పైన తడేంటి?"

"పడిందిరా! నేను చూశాను!"

హాలంతా లేచి అరుస్తోంది. నిచ్చెన అతన్ని చంకల కింద పట్టి పైకెత్తాడు. అంత దగ్గరగా అతనికి ఆ మొహం కనబడ్డం ఇదే మొదలు. పైపెదవి మీద నూనూగు మీసం. "వచ్చే సీజన్‌లో కూడా ఇట్లాగే భయపెట్టాలి బాబాయ్!"

"ముందు దింపరా, కళ్ళు తిరుగుతున్నాయి!"

జనం వెళ్ళిపోయాక అతను ఆఖరిసారి తుడిచాడు. తాళాలు కోచ్ చేతిలో పెట్టాడు. కోచ్ ఏదో అనబోతే, "నేల ఇంకా ఆరలేదు, ఇటు తొక్కకండి" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

బంతి ఎలా తిరిగిందో భార్యకు చూపించడానికి గాల్లో వేలితో సున్నా చుట్టి చూసుకుంటూ, బుట్టకేసి చూస్తూ తలుపు దాటాడు. గడప తగిలి బొటనవేలు చుర్రుమంది. జీవితంలో మొదటిసారి ఎదురుదెబ్బ తగిలించుకున్నాడు. నవ్వుకుంటూ, కుంటుకుంటూ సాయంకాలపు వీధిలోకి నడిచాడు.

బుట్ట కింద, గోడకు ఆనించిన తుడుపుకర్ర గుడ్డ వైపు పైకి పెట్టి ఉంది. పిండటం మరచిన ఆ గుడ్డలోంచి ఒక్కో చుక్కా కర్ర వెంట దిగి, నేల మీద అరచేతంత తడి అయింది.