బొజ్జయ్య పరదా

ఆదివారం పూట ఖానాపురం హవేలిలో అందరిళ్ళల్లో బగారన్నం వాసనొస్తే, షబ్నమ్ ఇంట్లో ఫోటోలు కడిగే మందుల వాసనొస్తుంది. బాత్రూం కిటికీకి దుప్పటి కొట్టి, మందు గిన్నెను ఐసుముక్కల టబ్బులో పెట్టి, తండ్రి వజీర్ నేర్పినట్టే రీళ్ళు కడుగుతుంది.

కడిగిన రీలు తడారేదాకా అందులోని మనుషులు కుదురుగా ఉండరు, అది మామూలే. మొన్న మధిర పెళ్ళి రీల్లో పెళ్ళికొడుకు మేనమామ భోజనాల బొమ్మలోకి దూరి కూర్చుంటే, షబ్నమ్ గదమాయించి వెనక్కి పంపింది. ఆరాక మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే.

ఆ రోజు భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి పుల్లమ్మ వచ్చింది. మొగుడు బొజ్జయ్య పోయి ఆరేళ్ళయింది. అడవి కొట్టి చేసుకున్న పోడు భూమికి పట్టా రావాలంటే రెండువేల ఐదుకు ముందే సాగు చేసినట్టు రుజువు కావాలి. సోమవారమే గడువు. ఆమెకున్న రుజువల్లా వజీర్ చేలో తీసిన ఒక్క ఫోటో. ముప్పై ఆరు బొమ్మలూ నిండందే రీలు కడగని మొండిఘటం వజీర్. ఆ రీలు నిండనేలేదు, ఆయన పోనే పోయాడు.

"ఇరవై ఏండ్లు ట్రంకుపెట్టెల మగ్గింది పెద్దమ్మా. ఏమొస్తదో ఏమో," అంది షబ్నమ్.

"వచ్చేదాక కూసుంట బిడ్డా," అని పుల్లమ్మ బాత్రూం గుమ్మం ముందే చతికిలబడింది.

రీలంతా మాడిపోయింది. ఒక్క బొమ్మ నిలిచింది. అందులో పడుచు పుల్లమ్మ, పక్కన తలపాగాతో బొజ్జయ్య, కాళ్ళ దగ్గర వజీర్ ఎప్పుడూ పెట్టే తారీఖు పలక. 2004! అంతా బాగానే ఉంది గానీ, చేనేదీ? వెనక రెండు వెదురుగడలకు కట్టిన తాజ్‌మహల్ పరదా ఉంది.

"చేల ఫోటో ఏంది, నామోషీ అన్నడమ్మా మా ఆయన!" పుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "పరద కట్టందే దిగనన్నడు."

"తీయమంటే తీస్తడేమో. కానీ ఆ పరద ఈ బొమ్మల యాడ పెట్టినా చేనుకో పలకకో అడ్డమే, మోసుకొని పక్క బొమ్మలకు పోవాలె. అయన్నీ మాడినయ్. ఆడికి పోతే మల్ల రాడు. ఆయనది ఇంకో ఫోటో ఉందా?"

"లేదు."

రీలు కొసన చుక్కలు పడటం తగ్గింది. పుల్లమ్మ లేచి, కొంగు నడుముకు బిగించి, రీలు ఆరేసిన దండెం దగ్గరికి నడిచింది.

"ఏమయ్యో! బతికున్నన్నాళ్ళూ నా మాట ఇనకపోతివి. ఇయ్యాల ఇను. పరద తీసుకొని పక్కకి పో. భూమి నిలవాలె."

బొజ్జయ్య ఆమె నెరిసిన జుట్టును చూశాడు. గడలు పీకాడు, పరదా చుట్టి భుజానేసుకున్నాడు. వెనక గుట్ట దాకా జొన్నచేను కంకులేసి కనిపించింది. ఒక్కసారి తిరిగి చూసి, అంచు దాటి మాడిన బొమ్మలోకి వెళ్ళిపోయాడు. పుల్లమ్మ బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే, "జల్దీ కాగితమ్మీద కొట్టు బిడ్డా," అంది.

రెండు నెలలకు పట్టా వచ్చింది. ఆ ఫోటోకు చట్రం కట్టించి పుల్లమ్మ గోడకు తగిలించింది. అందులో పడుచు పుల్లమ్మ ఒక్కతే, అంచు వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. మీ ఆయన లేడేందని ఎవరన్నా అడిగితే ఒకటే జవాబు.

"ఉన్నడు. చేను కానరావాలని పక్కకి జరిగిండు."