రోజుకి జానెడు

ఆదివారం వచ్చిందంటే అన్నదమ్ములిద్దరికీ ఇంట్లో కాలు నిలిచేది కాదు. తమ్ముడిది పొలాల మీద పురుగుమందు చల్లే రెండు సీట్ల విమానం నడిపే ఉద్యోగం. అన్నకి కాటాలు బాగుచేసే దుకాణం. వారమంతా ఎవరి గొడవ వాళ్లది. ఆదివారం మాత్రం అన్న తూకపు రాళ్లు, గుమ్మడికాయలు, పాత దిండ్లు సంచుల్లో కుక్కుకుని వెనక సీట్లో ఎక్కేవాడు. పైకెళ్లాక బరువైనదీ తేలికైనదీ ఒకేసారి వదిలేవాడు. కింద బీడులో వదిన తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి, ఏది ముందు పడిందో చూసి చెప్పేది.

"రెండూ ఒకేసారి పడ్డాయా?" దిగీ దిగగానే అడిగేవాడు అన్న.

"దిండు ఊగుతూ తీరిగ్గా వచ్చింది. గుమ్మడికాయ నా పక్కనే పడి చీరంతా పాడుచేసింది."

"దిండు సంగతి వదిలెయ్, అది గాలి చేసే అల్లరి. బరువుతో పనిలేదు. భూమికి అందరూ ఒకటే."

"భూమికి ఒకటేనేమో. ఉతుక్కునేదాన్ని నేను."

ఒక ఆదివారం ఇనపగుండునీ పుచ్చకాయనీ చెరో చేత్తో పట్టుకుని అన్న బాగా బయటికి వంగాడు. బెల్టు పెట్టుకోలేదు. అది చూడకుండా తమ్ముడు విమానాన్ని కాస్త పక్కకి వాల్చాడు. అంతే, వెనక సీటు ఖాళీ.

గుండు పడింది. పుచ్చకాయ పడింది. అన్న పడలేదు. అంటే పడుతున్నాడు గానీ, రోజుకి జానెడు చొప్పున.

మొదట్లో జనం మెడలు నొప్పెట్టేదాకా చూశారు. తర్వాత అలవాటైపోయింది. పాలవాడు గుమ్మంలో నిలబడి, "మీవారు ఇంకా పడుతున్నారామ్మా?" అనేవాడు.

"పడుతున్నారయ్యా."

"కాస్త కిందికొచ్చినట్టే ఉన్నారు."

"అంతా నీ నోటి చలవ," అనేది వదిన.

ఫైరింజను నిచ్చెన సగం దూరం కూడా అందలేదు. విమానానికి తాడు కట్టి లాగితే చెయ్యి ఊడొస్తుందన్నారు. రొట్టె, గొడుగు, దుప్పటి ఏది విసిరినా అన్న పక్కకి చేరి, అతనితోపాటే జానెడు చొప్పున దిగేవి. తమ్ముడు రోజూ చుట్టూ తిరిగొచ్చేవాడు. ఆ వేగంలో చుట్టుకి ఒక్క మాటే చెవిన పడేది.

"ఆకలి లేదురా!"

మళ్లీ చుట్టు తిరిగొస్తే, "మీ వదినకి దగ్గు తగ్గిందా?"

తగ్గలేదు. డాక్టరు వదినని బయట కూర్చోమని, తమ్ముడితో గొంతు తగ్గించి చెప్పాడు. వచ్చే వానాకాలం చూడటం కష్టమన్నాడు. దాచి లాభం లేదని ఆ రాత్రే తమ్ముడు వదినకి చెప్పేశాడు. ఆవిడ విని, "అన్నం చల్లారిపోతోంది, తిను," అంది.

మర్నాడు దుకాణంలో ఉన్న రాళ్లన్నీ విమానంలో వేసుకెళ్లి అన్న మీదికి వదిలాడు. జేబుల్లో నింపుకోమని అరిచాడు. అన్న నింపుకున్నాడు. తెల్లారి చూస్తే జానెడే.

"చెప్పానా! బరువుతో పనిలేదని!" అన్న మొహం వెలిగిపోతోంది.

తర్వాతి చుట్టులో తమ్ముడు అరిచాడు. "వదిన బతకదట అన్నయ్యా!"

ఆఖరి చుట్టులో చూస్తే, అన్న తలకిందులుగా తిరిగి, బావి అడుక్కి ఈదేవాడిలా కాళ్లూ చేతులూ ఆడిస్తున్నాడు. తెల్లారి చూస్తే జానెడే.

చలి మొదలయ్యాక ఒకరోజు వదిన, "నన్ను పైకి తీసుకెళ్లు," అంది.

"చుట్టుకి ఒక్క మాటే వినిపిస్తుంది వదినా."

"నాకు చుట్లతో పనిలేదు."

తమ్ముడికి అర్థమైంది. "వద్దు వదినా."

"ఆయనకి గడ్డమైనా పెరగలేదు. నువ్వు వేసిన రొట్టె ఇంకా మెత్తగానే ఉందట. నువ్వేగా చెప్పావు."

"అక్కడేదైనా తప్పు జరిగితే?"

"మరి ఇక్కడ జరగబోయేది ఒప్పా?"

తమ్ముడు లేచి విమానంలో ఇంధనం నింపడానికి వెళ్లాడు.

ఆవిడ జుట్టు గట్టిగా ముడేసుకుని, స్వెట్టరు తొడుక్కుని వెనక సీట్లో కూర్చుంది. అన్న ఉన్న ఎత్తుకి సరిగ్గా వచ్చేసరికి తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ భుజం తట్టి, "నీ పని నువ్వు చూసుకో నాన్నా," అంది. ఆ తర్వాత ఆవిడ వెళ్లినట్టు కూడా తెలియలేదు. విమానం కొంచెమైనా ఊగలేదు.

భయపడుతూనే చుట్టు తిరిగొచ్చాడు. వదిన, అన్నకి బారెడు దూరంలో, అతని ఎత్తులోనే ఉంది. ఒక వీసం ముందు లేదు, వెనక లేదు. అన్న చెయ్యి చాపుతున్నాడు. ఇంకో చుట్టు తిరిగొచ్చేసరికి ఆవిడ చెయ్యి అతని చేతిలో ఉంది. ఒక్క మాట చెవిన పడింది.

"స్వెట్టరు తిరగేసుకున్నావేంటే!"

ఇంధనం అయిపోవచ్చేదాకా తిరిగాడు. దగ్గు మాత్రం వినిపించలేదు.

వదినని మళ్లీ రమ్మన్న గురువారం ఆస్పత్రికి ఒక్కడే వెళ్లాడు. బల్ల దగ్గర నర్సు చీటీ తీసి, "ఆవిడ రాలేదే?" అంది. సంగతి చెప్పాడు.

"అలాగా. అయితే కిందికి దిగాక తీసుకురండి, మందులు అప్పుడు మొదలుపెడదాం. దింపుకోడానికి ఎవరున్నారు?"

"నేనే."

"పిల్లలు?"

"వాళ్లకి లేరండి. నాకు పెళ్లి కాలేదు."

"మీకెన్నేళ్లు?"

చెప్పాడు. నర్సు కిటికీలోంచి ఆకాశం కేసి చూసింది. రోజుకి జానెడు చొప్పున వేళ్ల మీద ఏళ్లు లెక్కేసి, చీటీ మళ్లీ సొరుగులో పెట్టేసింది.