పన్నెండు గంటల బుడగ

డాబా మీద ఆరేసిన ఇరవై ఎనిమిది తువ్వాళ్ళూ ఆ రోజు ఎనిమిది గంటలకే ఎండిపోయాయి. తెల్లవారుజాము నుంచీ గాలి కొట్టింది. ఢమాల్ ఒక్కొక్కదాన్నే తీగ మీంచి లాగి, ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, నాలుగు మడతలు వేసి సంచిలో పేర్చాడు. రోజూ అవి ఆరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. ఇవాళ అరగంట మిగిలిపోయింది. నలభై ఏడేళ్ళలో అతనికి అరగంట ఊరికే దొరకడం ఇదే మొదలు. దాన్నేం చేసుకోవాలో తోచక పనికే బయల్దేరాడు.

ఢమాల్ అన్న పేరు సెలూన్‌కి వచ్చేవాళ్ళు పెట్టింది. తర్వాత వీధంతా అదే పిలిచింది. కిందటేడు ఆసుపత్రిలో పేరేమిటని అడిగితే, వెనక నిలబడ్డవాడు ఇతను నోరు తెరిచేలోగా అదే రాయించాడు. మందులు మాత్రం ఏమీ అభ్యంతరం చెప్పలేదు.

సెలూన్ బావది, అంటే అక్క మొగుడిది. మూడు అద్దాలు, మూడు కుర్చీలు. మొదటి కుర్చీ దగ్గర బావ పనిచేస్తాడు. రెండోదాని దగ్గర ఒక పొడుగాయన ఉంటాడు. మూడో కుర్చీలో తువ్వాళ్ళు కూర్చుంటాయి.

ఢమాల్ అంతకుముందు ఇరవై ఒక్క ఏళ్ళు ఒక సబ్బుల ఫ్యాక్టరీలో సబ్బులకి కాగితం చుట్టాడు, నిలబడే. ఆ బల్లకి కుర్చీలుండవు. మధ్యలో ఒకసారి పెళ్ళి మాటలు కూడా నడిచాయి. వచ్చినవాళ్ళకి కుర్చీలు చాలక ఇతను గోడవారగా నిలబడ్డాడు. పిల్ల మేనమామ పనివాడనుకుని మంచినీళ్ళు అడిగాడు. తెచ్చిచ్చాడు. ఇంకో గ్లాసు అడిగితే అదీ తెచ్చిచ్చాడు. సంబంధం ఆ రెండో గ్లాసు దగ్గర ఆగిపోయింది. ఆరేళ్ళ క్రితం ఫ్యాక్టరీ మూతపడితే ఒక ఇనప్పెట్టె పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. మెట్ల కింద గది ఇచ్చారు. అందులో నిటారుగా నిలబడాలంటే మనిషి మెడ దాకానే ఉండాలి.

బావ మొదటి రోజే మాటిచ్చాడు. బుడగ ఊది, దాని మీద నురగ పూసి, గడ్డం కత్తితో పైనుంచి కిందదాకా గీసి, పేలకుండా చూపిస్తే ఆ రోజే మూడో కుర్చీ నీదన్నాడు. చెయ్యి తేలికపడటానికి ఈ పనివాళ్ళు అలాగే నేర్చుకుంటారు. పొడుగాయన పదిహేను రోజుల్లో నేర్చుకున్నాడట. అంతదాకా ఊడవడం, తువ్వాళ్ళు ఉతకడం, టీ తేవడం ఢమాల్ పని. అతనికి కావలసిందల్లా ఆ కుర్చీయే. దాని వెనక నిలబడి ఒక మనిషికి గడ్డం గీయాలి. ఎవరూ లేని వేళ చూసి కాసేపు అందులో కూర్చోవాలి. ఈ రెండో కోరిక ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళలో, సెలవులు పోగా, పంతొమ్మిది వందల బుడగలు పేల్చాడు. ఆ రబ్బరంతా కరగబెడితే ఒక లారీకి టైర్లు వేసి, మిగిలినదాంతో డ్రైవర్‌కి చెప్పులు కూడా కుట్టొచ్చు. బుడగ సరిగ్గా పన్నెండింటికి పేలేది. వీధిలో వాళ్ళు గడియారాలు దిద్దుకునేవాళ్ళు. ఒక బస్సు కండక్టరైతే డ్యూటీకి పోయే ముందు గడ్డం గీయించుకోవడం ఆ వేళకే పెట్టుకునేవాడు. పేలగానే నురగ ఢమాల్ మొహమంతా చిందేది, అందరూ నవ్వేవాళ్ళు, చీపురు ఎలాగూ అతని చేతికి దగ్గరే. గుండెజబ్బున్న ఖాతాదార్లని బావ జాగ్రత్తగా పదకొండున్నరకే పంపించేసేవాడు. ఢమాల్‌ని మాత్రం పంపేవాడు కాదు.

ఇవాళ సెలూన్ షట్టర్ నడుం దాకా లేచి ఉంది. తువ్వాళ్ళ సంచి చంకన పెట్టుకుని ఢమాల్ వంగాడు. లోపల బావ అటు తిరిగి ఉన్నాడు. మూడో అద్దం కింద సొరుగు తెరిచి, నల్ల పిడి ఉన్న పాత కత్తి తీశాడు. అది ఢమాల్ నేర్చుకునే కత్తి. మడత విప్పాడు. కడుగుతొట్టి రాతి అంచు మీద దాని అంచుని ఒక్కసారి, అగ్గిపుల్ల గీసినంత సులువుగా గీశాడు. వెలుగులో పెట్టి ఒక కన్ను మూసి చూసుకున్నాడు. మడిచి, ముందు ఎలా ఉందో అలాగే సొరుగులో పెట్టాడు. ఈ పనంతా చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

ఢమాల్ వంగినవాడు వంగినట్టే వెనక్కి వచ్చేశాడు. బస్టాపు దాకా నడిచి, ఎనిమిదిన్నర దాకా అక్కడ నిలబడ్డాడు.

ఆ కత్తికి మధ్యలో ఒక గంటు ఉంటుంది, గోరు తట్టుకునేంత. రోజూ సాయంత్రం సానరాయి మీద అరగంట రుద్ది దాన్ని పోగొట్టేవాడు. పొద్దునకి మళ్ళీ ఉండేది. మొదట్లో తన అరచేతి చెమట అనుకున్నాడు. ఆ తర్వాత సానరాయిది తప్పేమో అనుకున్నాడు. కొన్నాళ్ళకి కత్తికే తనంటే గిట్టదేమో అనుకుని, దాంతో కాస్త మర్యాదగా ఉండడం మొదలుపెట్టాడు. ఒకసారి బావనే అడిగాడు. ఇనుము కూడా మనిషిని చూసి నడుచుకుంటుందని బావ చెప్పాడు. ఢమాల్ నమ్మాడు. నమ్మడంలో అతనికి ఫ్యాక్టరీ నాటి నుంచే మంచి అనుభవం ఉంది.

అక్కకి చెప్పొచ్చు. అక్క ఏడుస్తుంది, తమ్ముడి వైపే మాట్లాడుతుంది. మాట్లాడాక ఇద్దరూ తినాల్సింది బావ ఇంట్లోనే.

కండక్టర్ అటుగా వస్తూ పలకరించాడు. "ఏం ఢమాల్, ఇవాళ టైముకేనా? పన్నెండుంబావుకి నా బండి."

"టైముకే అండీ," అన్నాడు ఢమాల్.

ఎనిమిదిన్నరకి షట్టర్ పూర్తిగా ఎత్తి లోపలికి వెళ్ళాడు. బావ ఎందుకింత లేటని అడిగాడు. రోజూ అడుగుతాడు. ఢమాల్ తువ్వాళ్ళని మూడో కుర్చీలో పెట్టాడు. నేల తుడిచాడు. వేడినీళ్ళు పెట్టాడు. పదకొండింటి దాకా పదిహేనుమంది జుట్టు ఊడ్చాడు. నల్లదీ తెల్లదీ కలిసి చేటలోకి ఎక్కేటప్పుడు ఏది ఎవరిదో ఎప్పుడూ గుర్తుపట్టేవాడు. ఇవాళ పట్టలేదు.

పదకొండున్నరకి సొరుగులోంచి కత్తి తీశాడు. బొటనవేలి గోరు అంచు మీద మెల్లగా నడిపాడు. మధ్యలో తట్టుకుంది. గంటు దాటాక, కత్తి ముక్కు వైపు రెండు వేళ్ళ మేర అంచు శుభ్రంగా ఉంది. ఇన్నాళ్ళూ అంచు పొడుగునా వాడాలనే చూశాడు, బావ అలాగే చూపించాడు గనుక. ఆ రెండు వేళ్ళ మేరని తోలుపట్టీ మీద ఇటు ముప్ఫై, అటు ముప్ఫై లాగాడు.

తర్వాత బకెట్ బోర్లించుకుని కూర్చుని బుడగ ఊదాడు. కిందటేడు డాక్టర్ మెట్లెక్కొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు. బుడగల సంగతి ఢమాల్ అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని. మొదట్లో మూడు ఊపిర్లకి నిండేది. ఇప్పుడు పదకొండు పడుతోంది. ఒక్కోదానికీ మధ్య ఆగి, మూతి వేళ్ళతో బిగించి పట్టుకుని, ఎడమ భుజం లోపల ఏదో మెలితిరిగి సర్దుకునేదాకా చూసేవాడు. ఇవాళ పద్నాలుగు పట్టాయి. బుడగ మనిషి తలకాయంత అయ్యాక దారంతో మూతికి గట్టి ముడి వేశాడు.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా కండక్టర్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకో నలుగురున్నారు. పొడుగాయన కుర్చీలో ఉన్న ఖాతాదారు చెవులు మూసుకున్నాడు. బావ ఖాళీగా ఉన్న తన కుర్చీకి ఆనుకుని, మీసం కింద నవ్వు సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఢమాల్ నురగ పూశాడు. బుడగని ఎడమ చేత్తో పొదివి పట్టుకుని, కత్తి ముక్కు ఆనించాడు. గంటుని బుడగ మీదికి రానివ్వకుండా మణికట్టు బయటికి తిప్పాడు. చూడ్డానికి ఎడమచేతివాటం మనిషి కుడిచేత్తో సంతకం చేస్తున్నట్టుంది. ఒక గీత తీశాడు. ఎర్ర రబ్బరు బయటపడింది. ఇంకో గీత. కత్తి రబ్బరు మీద చేసే సన్నటి కిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. పన్నెండయింది. పన్నెండు దాటి మూడు నిమిషాలయింది. చివరి నురగ ముడి దగ్గర పోగైంది. దాన్ని వేలితో తుడిచి, దారం పట్టి బుడగని మూడో అద్దం మీది మేకుకి కట్టాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"పేల్లేదేంటి?" అన్నాడు కండక్టర్, తనకి రావలసిందేదో ఎవరో దాచేసినట్టు.

బావ గొంతు సవరించుకున్నాడు. "బుడగదేముందిరా, నున్నగా ఉంటుంది. మనిషి మొహం అలా ఉంటుందా?"

"అయితే మనిషి మొహం ఇవ్వండి బావా."

బావ బెంచీ వైపు చూశాడు. బెంచీ మీది ఐదుగురికీ ఒకేసారి చెప్పులు చూసుకోవాల్సిన పని పడింది.

"మీరే కూర్చోండి," అన్నాడు ఢమాల్.

బెంచీకి ప్రాణం లేచొచ్చింది. బుడగ కంటే ఇదే బాగుందన్నారు. సొంత బామ్మర్ది అడిగితే కాదంటావా అన్నారు. కండక్టర్ బండి సంగతి మర్చిపోయి కాళ్ళు మడిచి కూర్చున్నాడు. బావ నవ్వుతూనే మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఢమాల్ బావ మెడ చుట్టూ తువ్వాలు కట్టి, బుగ్గలకి నురగ పూశాడు. నల్ల పిడి కత్తి తీశాడు. బావ నవ్వు ఆగింది.

"నా కత్తితో చెయ్యి."

"నాకిదే అలవాటు బావా. ఆరేళ్ళయింది."

"దానికి గంటుందిరా."

"నిన్న సాయంత్రమే రుద్ది పోగొట్టాను బావా. ఇవాళ ఉందని మీకెలా తెలుసు?"

పొడుగాయన కత్తెర గాల్లో ఆగిపోయింది. ఆ కత్తిని బావ ముట్టుకోగా ఢమాల్ తప్ప ఎవరూ చూడలేదు. బావ నోరు తెరిచాడు. నురగ లోపలికి పోతే మూసేశాడు.

ఢమాల్ గీశాడు. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, మీసం కింద, పెదవి కింద గుంట. పంతొమ్మిది వందల బుడగల మీద నేర్చుకున్న చెయ్యి. దాని బరువు బావ చర్మానికి తెలియనే లేదు. తల వెనక్కి వంచి గొంతు దగ్గరికి వచ్చాక, కత్తిని కొంచెం జరిపాడు. సరిగ్గా గంటు ఉన్నచోటుని గొంతుముడి మీద ఆనించి ఆగాడు. నొక్కలేదు. బావ గుటక వేయాలనుకుని మానేశాడు. అద్దంలో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. బావ కళ్ళలో ఢమాల్‌కి కనిపించిన భయం కొత్తదేమీ కాదు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా రోజూ తన కళ్ళలో ఉండేదే. ఒక ఊపిరి తీసుకున్నంతసేపు అలా ఉంచి, ఎత్తి, మిగతాది కత్తి ముక్కుతో గీసేశాడు.

బావ మొహం కడుక్కుని, వేళ్ళతో రెండుసార్లు తడుముకున్నాడు. గాటు కోసం వెతికాడు. చెవుల వెనక కూడా వెతికాడు. దొరకలేదు.

"పరవాలేదు," అన్నాడు. "ఇంటివాణ్ణి కాబట్టి భయం లేకుండా చేశావు. రేపు ఇంకో బుడగ చెయ్యి, చూద్దాం."

కండక్టర్‌కి కూడా ఎక్కడ నవ్వాలో తెలియలేదు. బండి గుర్తొచ్చి లేచిపోయాడు.

ఢమాల్ కత్తి కడిగాడు, తుడిచాడు, మడిచాడు. మూడో కుర్చీలోని తువ్వాళ్ళు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"కాస్త కూర్చుంటాను బావా."

కూర్చున్నాడు. కుర్చీ అనుకున్నదానికంటే మెత్తగా ఉంది. చేతులు రెండు పక్కలా పెట్టుకోవడానికి చోటుంది. తల ఆనించుకోవడానికి వెనకాల దిండు కూడా ఉంది, ఆరేళ్ళుగా దాని మీది దుమ్ము అతను తుడుస్తూనే ఉన్నాడు. తల ఆనించాడు. అద్దంలో ఒక మనిషి తనలాగే కూర్చుని ఉన్నాడు. పైన బుడగ మెల్లగా తిరుగుతోంది.

బావ ఒక తల పూర్తిచేశాడు, ఇంకో తల మొదలుపెట్టాడు. నేల మీద జుట్టు అలాగే ఉంది, లేవరా అన్నాడు. కాసేపాగి, కుర్చీ దొరికేసరికి చెవులు కూడా వినిపించట్లేదా అన్నాడు. బెంచీ మీద ఎవరో నవ్వారు. రెండో తల సగంలో ఉండగా బావ చీపురు తెచ్చి ఢమాల్ ఒళ్ళో పడేశాడు. అది జారి కింద పడింది. పొడుగాయన వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కత్తెర జేబులో పెట్టుకున్నాడు. మొదటి కుర్చీలో సగం జుట్టు తీయించుకున్న మనిషి, తన సంగతేమిటని మర్యాదగా అడిగాడు. బావ ఆ సగం పూర్తిచేశాకే షట్టర్ దించారు.

సెలూన్ రెండు రోజులు మూసి, మూడో రోజు తెరిచారు. ఊడవడానికి మనిషి కావాలని బావ అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. నల్ల పిడి కత్తిని సానరాయి మీద పావుగంట రుద్దితే గంటు పోయింది. దాంతో ఇద్దరు ముగ్గురికి గీసి, మంచి కత్తి, ఇన్నాళ్ళూ సొరుగులో వృథాగా పడుందన్నాడు. తువ్వాళ్ళు మళ్ళీ మూడో కుర్చీలోకి వచ్చాయి. వాటిని ఇప్పుడు అక్క ఉతుకుతోంది.

పన్నెండింటికి కండక్టర్ అలవాటుగా వచ్చి పైకి చూశాడు. మేకుకి బుడగ ఇంకా ఉంది. తీసి పారెయ్యమని బావ అంటే పొడుగాయన కత్తెర పట్టుకుని వెళ్ళాడు. లోపలున్నది ఎవరి ఊపిరో గుర్తొచ్చి చెయ్యి కిందికి దించేశాడు. మళ్ళీ ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీయలేదు. అది రోజుకి కొంచెం చొప్పున తగ్గింది. తలకాయంత ఉన్నది కొబ్బరికాయంత అయింది, తర్వాత నిమ్మకాయంత. ఎర్ర రబ్బరు ముడతలు పడి, ముడి దగ్గర అంటుకున్న కాసింత నురగ తెల్లగా గట్టిపడింది. అతను వేసిన ముడి మాత్రం వదులు కాలేదు.